ఆరో పూస మారితే

(హనుమకొండలో డిగ్రీ, నర్సింగ్ విద్యార్థులు, ఆశా కార్యకర్తల ముందు ఒక జీవశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కిందనైనా కూర్చోండి, చాలాసేపు మాట్లాడతాను. ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆశా అక్కలకు ప్రత్యేకంగా నమస్కారం, ఎందుకంటే ఇవాళ నేను చెప్పేదంతా చివరికి మీ చేతుల్లోకే రావాలి.

నన్ను పిలిచినవాళ్లు "ఈ మధ్య ల్యాబుల్లో కొత్తగా ఏమేం కనిపెట్టారో చెప్పండి సార్" అన్నారు. కనిపెట్టినవి బోలెడు ఉన్నాయి. అన్నీ చదువుకుంటూ పోతే సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకే ఒకే ఒక్క జబ్బు పట్టుకుంటాను, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. మన ఏజెన్సీలో, కోయ గూడేల్లో, అటు ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు గోండు గూడేల్లో ఉన్న జబ్బు ఇది. గత డెబ్బై ఐదేళ్లలో అణుజీవశాస్త్రం నేర్చుకున్న పెద్ద పాఠాల్లో కొన్ని ఈ జబ్బు ఉన్నవాళ్ల రక్తంలోంచే నేర్చుకుంది. అంత నేర్చుకుని వాళ్లకు తిరిగి ఇచ్చింది చాలా తక్కువ. ఇప్పుడిప్పుడే ఆ బాకీ తీరడం మొదలైంది, ఆ సంగతి చెబుదామనే వచ్చాను.

ముందు నా దోస్తు గురించి చెబుతాను, పేరు చెప్పను. తాడ్వాయి వైపు గూడెం నుంచి వచ్చాడు, హాస్టల్‌లో నా పక్క పెట్టె వాడిదే. చలికాలం వచ్చిందంటే వాడు రాత్రిళ్లు కాళ్లు పట్టుకుని ముడుచుకుని పడుకునేవాడు. "బొక్కలు గుంజుతున్నయ్ రా, బొక్కల లోపల ఎవరో సుత్తితోని కొడుతున్నట్టుంది" అనేవాడు. మేం కొబ్బరినూనె రాసేవాళ్లం, ఇంకేం తెలుసు మాకు? ఇంటికి తీసుకెళ్తే గాలి సోకిందని తాయెత్తు కట్టారు. టౌన్‌లో ఒక ఆసుపత్రికి తీసుకొస్తే కీళ్ల వాతం అన్నారు, నెలనెలా సూది వేశారు, కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు మందుకు పంపారు. రక్తపరీక్ష చేసిన ప్రతిసారీ "రక్తం తక్కువుంది" అన్నారు తప్ప ఎందుకు తక్కువుందని ఎవ్వరూ అడగలేదు. వాడికి ఉన్నది సికిల్ సెల్ అని తెలిసేసరికి పంతొమ్మిదేళ్లు వచ్చాయి. అన్నేళ్ల నొప్పికి ఒక పేరు దొరకడానికి పంతొమ్మిదేళ్లు! ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మన ఎర్ర రక్తకణం నిండా హిమోగ్లోబిన్ ఉంటుంది, ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కించుకుని ఒళ్లంతా తిరిగి దింపి వచ్చేది అదే. అందులో నాలుగు గొలుసులు ఉంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. ఒక్కో గొలుసును పూసల దండ అనుకోండి. బీటా దండలో 146 పూసలు. పూస అంటే అమైనో ఆమ్లం. ఆ దండలో ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం కావాలి, ఈ జబ్బులో దాని చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది. అంతే తేడా, మిగతా 145 పూసలూ మీకూ నాకూ ఉన్నట్టే ఉంటాయి.

మరి ఒక్క పూసతో ఇంత బాధ ఎందుకు? గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్లంటే ఇష్టం, వాలీన్‌కి పడదు, అది నూనె చుక్కలాంటిది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ దింపేసినప్పుడు దాని ఆకారం కొంచెం మారుతుంది, అప్పుడు ఈ వాలీన్ వెళ్లి పక్క హిమోగ్లోబిన్‌లో ఉన్న చిన్న గుంటలో అతుక్కుంటుంది. దానికి ఇంకోటి, దానికి మరోటి, అలా పేనుకుంటూ పోయి తాళ్లలా తయారవుతాయి. తాళ్లు లోపలి నుంచి పొడిస్తే గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది, అవతలికి రక్తం అందదు. వాడు చెప్పిన సుత్తి దెబ్బ అదే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, కొడవలి కణం పది నుంచి ఇరవై రోజులకే పగిలిపోతుంది. అందుకే రక్తం తక్కువ, అందుకే కళ్లు పచ్చన. చలి తగిలినా, నీళ్లు తక్కువ తాగినా, జ్వరం వచ్చినా ఆ తాళ్లు తొందరగా పేనుకుంటాయి. హాస్టల్ చలికీ వాడి నొప్పికీ లంకె ఇదీ. అప్పుడు ఒక మందపాటి దుప్పటి, ఒక బిందె గోరువెచ్చటి నీళ్లు ఇచ్చినా ఎంతో మేలు చేసినవాళ్లం అయ్యేవాళ్లం.

ఇదంతా ఎలా తెలిసింది? 1910లో అమెరికాలోని షికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టర్, గ్రెనడా దీవి నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో ఈ కొడవలి ఆకారాలు చూసినట్టు మొదట రాశాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ రోగుల హిమోగ్లోబిన్‌ను కరెంటు క్షేత్రంలో పరుగెత్తించి చూసింది. ఆరోగ్యవంతుల హిమోగ్లోబిన్ ఒక వేగంతో కదిలితే వీళ్లది ఇంకో వేగంతో కదిలింది. అంటే అణువులోనే తేడా ఉంది. ఒక జబ్బుకు మూలం ఒక అణువులో ఉందని చేతిలో పెట్టి చూపించడం అదే మొదలు. ఆ తర్వాత 1956లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ చేసిన పని నాకు చాలా ఇష్టం, ఎందుకంటే పెద్ద మెషిన్లు ఏమీ లేవు. హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేశాడు, ఆ ముక్కల్ని కాగితం మీద పరిచాడు, రంగు వేస్తే చుక్కలు చుక్కలుగా కనిపించాయి. మామూలు రక్తం కాగితం, సికిల్ రక్తం కాగితం పక్కపక్కన పెట్టి చూశాడు. అన్ని చుక్కలూ ఒకే చోట ఉన్నాయి, ఒక్కటి మాత్రం పక్కకు జరిగి ఉంది. ఆ ముక్కను పట్టుకుని లోపలికి పోతే మారిన పూస దొరికింది. మీరు మా ల్యాబులో క్రొమటోగ్రఫీ చేసేటప్పుడు "ఇదెందుకు సార్, పరీక్షలో రెండు మార్కులే కదా" అంటారు చూడండి, ఆ కాగితం మీద చుక్కలతోనే ఇది దొరికింది.

పూసలు ఏ వరుసలో గుచ్చాలో రాసి ఉండేది డీఎన్ఏలో. మనిషి డీఎన్ఏలో 300 కోట్లకు పైగా అక్షరాలు ఉంటే అందులో ఒకే ఒక్కచోట 'ఏ' బదులు 'టీ' పడింది.

ఇక్కడ ఒక మాట. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు ఇక్కడ, వాళ్లు జాగ్రత్తగా వినాలి. ఈ అక్షరం శాపం కాదు, మీ రక్తం చెడ్డది కాదు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూసి చెప్పాడు, ఈ అక్షరం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర నుంచే వచ్చినవాళ్లకు ప్రాణం తీసే మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. అలాంటివాళ్లను వాహకులు అంటాం. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. మలేరియా ఉన్న ఆఫ్రికాలో, అరేబియాలో, మన గోదావరి ఒడ్డు అడవుల్లో ఈ అక్షరం నిలబడింది అందుకే. మీ తాతముత్తాతల్లో ఎందరినో మలేరియా నుంచి కాపాడి ఇక్కడిదాకా తెచ్చిన అక్షరం అది. దాన్ని పట్టుకుని "ఆ ఇంట్లో ఏదో ఉంది" అని సంబంధాలు తప్పించేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. 1948లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరమ్మ న్యూయార్క్‌లో ఒక విషయం గమనించింది. ఈ జబ్బుతో పుట్టిన పసిపిల్లలకు మొదటి కొన్ని నెలలు నొప్పులు రావు, వాళ్ల రక్తకణాలు అంతగా కొడవళ్లు కావు. ఎందుకు? కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది, దాన్ని పిండ హిమోగ్లోబిన్ అంటాం. అందులో బీటా దండ ఉండదు, గామా అనే దండ ఉంటుంది. తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవడానికి అది పనికొస్తుంది. పుట్టాక కొన్ని నెలల్లో గామా ఆగిపోతుంది, బీటా మొదలవుతుంది, తప్పు పూస ఉన్నది బీటాలో కాబట్టి జబ్బు అప్పుడే బయటపడుతుంది. మన దేశంలో కొందరు రోగుల్లో ఈ పిండ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగానే మిగిలి ఉంటుంది, వాళ్లకు జబ్బు కొంత నెమ్మదిగా ఉంటుంది. అందరికీ కాదు, నా దోస్తుకి లేదు.

అంటే ఆ గామాను మళ్లీ మొదలుపెట్టగలిగితే చాలు! తప్పు పూసను సరిచెయ్యకపోయినా పర్వాలేదు, పాత మంచి దండను మళ్లీ గుచ్చమంటే సరిపోతుంది. కానీ దాన్ని ఆపేసింది ఎవరు? ఇది తెలియడానికి అరవై ఏళ్లు పట్టింది. వేలమంది డీఎన్ఏ పోల్చి చూస్తే, పిండ హిమోగ్లోబిన్ ఎక్కువ ఉన్నవాళ్లలో బీసీఎల్11ఏ అనే జన్యువు దగ్గర తేడాలు కనిపించాయి. 2008లో బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్ ల్యాబులో విజయ్ శంకరన్, మిగతావాళ్లు కలిసి గామాను నోరుమూయించేది ఇదేనని తేల్చారు. దీన్ని తీసేద్దామా అంటే కుదరదు, మెదడులో, రోగనిరోధక కణాల్లో కూడా దానికి పని ఉంది. 2013లో ఇంకో తలుపు తెరుచుకుంది. ఆ జన్యువును ఎర్రకణాల్లో మాత్రమే పని చేయించే ఒక చిన్న డీఎన్ఏ ముక్క దొరికింది. ఇల్లంతా మెయిన్ ఆఫ్ చెయ్యకుండా ఒక్క గదిలో స్విచ్ మాత్రం కట్టేసినట్టు, ఆ ముక్కను కోస్తే ఎర్రకణాల్లో మాత్రమే బీసీఎల్11ఏ ఆగుతుంది, గామా మళ్లీ మొదలవుతుంది.

కోసేది ఎలా? అదీ ఇంకో కథ, పొట్టిగా చెబుతాను. బ్యాక్టీరియాకు కూడా వైరస్ జబ్బులు వస్తాయి. తన మీద దాడి చేసిన వైరస్ డీఎన్ఏలో ఒక ముక్క కోసి తన దగ్గర దాచుకుంటుంది, అదే వైరస్ మళ్లీ వస్తే ఆ ముక్కతో పోల్చి గుర్తుపట్టి ముక్కలు చేస్తుంది. అలా దాచుకున్న ముక్కల మధ్య ఉండే వింత వరుసలు 1987లో జపాన్‌లో కనిపించాయి, అవేంటో అప్పుడు తెలియలేదు. స్పెయిన్‌లో ఉప్పు మడుగుల సూక్ష్మజీవుల మీద పనిచేసిన ఫ్రాన్సిస్కో మోహికా ఏళ్లతరబడి వాటి వెంటపడ్డాడు. 2012లో ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా బ్యాక్టీరియా వాడే ఆ డీఎన్ఏ కత్తెరను మనకు కావాల్సిన చోట కోసేలా మలచవచ్చని చూపించారు. అదే క్రిస్పర్. 2020లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ రెండు దారులూ కలిసిన చోట 2019లో అమెరికాలో విక్టోరియా గ్రే అనే మిసిసిపీ రాష్ట్రపు తల్లికి ఈ చికిత్స చేశారు. రక్తాన్ని తయారు చేసే ఆమె మూలకణాలు బయటకు తీసి, ల్యాబులో ఆ స్విచ్ కోసి, మళ్లీ ఆమెకే ఎక్కించారు. ఎన్నో ఏళ్లుగా ఆసుపత్రులు తిరిగిన మనిషి, ఆ తర్వాత తనే సభల్లో నిలబడి తన కథ చెప్పింది. 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా ఈ చికిత్సకు అనుమతి ఇచ్చాయి, పేరు క్యాస్‌జెవీ. అమెరికా అనుమతి నాటికి తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాదిపాటు తీవ్రమైన నొప్పి దాడి ఒక్కటీ రాలేదు. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నేను మా హాస్టల్ గది గుర్తొచ్చి కాసేపు లేచి అటూ ఇటూ తిరిగాను.

కానీ మీతో అబద్ధం చెప్పను. ఆ చికిత్సకు ముందు పాత మూలకణాలను చంపడానికి బలమైన కీమో ఇవ్వాలి, వారాలపాటు ఆసుపత్రిలో ఉండాలి, పిల్లలు పుట్టే శక్తి పోయే ప్రమాదం ఉంది. ధర 22 లక్షల డాలర్లు, మన డబ్బులో 18 కోట్లు పైమాటే. ఒక్క మనిషికి! ఏజెన్సీలో ఒక కుటుంబానికి ఆ అంకె చెప్పడం కూడా నాకు సిగ్గుగా ఉంటుంది.

అందుకే మన దేశంలో జరిగే పని ముఖ్యం. ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, కోవిడ్ టైములో క్రిస్పర్‌తో టెస్ట్ కిట్ చేసినవాళ్లే, సొంతంగా మెరుగుపరిచిన కత్తెరతో సికిల్ సెల్‌కు జన్యు చికిత్స తయారు చేశారు. 2025 నవంబర్‌లో ప్రకటించారు, ఆదివాసీ వీరుడు బిర్సా ముండా పేరు మీద బిర్సా 101 అని పెట్టారు. ఎక్కువమందికి అందే ధరలో తయారు చెయ్యడానికి ఆ టెక్నాలజీని పూణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చారు. ఇంకా రోగుల్లో పరీక్షలు జరగాలి, రేపే మన దగ్గరికి వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అయినా ఆ పేరు విన్నప్పుడు నాకు జోడేఘాట్, కొమురం భీం గుర్తొచ్చాడు.

ఇంకో వార్త, 2025 మేలో వచ్చింది. ఫిలడెల్ఫియాలో కేజే అనే పసివాడు, కాలేయంలో అరుదైన లోపంతో పుట్టాడు, రక్తంలో అమ్మోనియా పేరుకుని ప్రాణం మీదికి వచ్చే జబ్బు. రెబెక్కా అరెన్స్ నిక్లస్, కిరణ్ ముసునూరు బృందం ఆ ఒక్క బిడ్డ తప్పు అక్షరం కోసమే ఒక మందు తయారు చేసింది, అదీ ఆరు నెలల్లో. డీఎన్ఏని రెండుగా కొయ్యకుండా ఒక అక్షరాన్ని దిద్దే పద్ధతి అది. కొవ్వు బుడగల్లో పెట్టి రక్తనాళంలోకి ఎక్కించారు, కాలేయానికి చేరింది. కణాలు బయటకు తియ్యలేదు, కీమో లేదు. రక్తం తయారయ్యే ఎముక మజ్జకు కూడా ఇలా పంపగలిగితే మన జబ్బుకు దారి చాలా సులువవుతుంది. ల్యాబులు ఆ పనిలోనే ఉన్నాయి. కాలేయానికి చేరినంత సులువుగా మజ్జకు చేరదు, అదే ఇబ్బంది.

అంతవరకు మనం ఏం చెయ్యాలి? ఆశా అక్కలూ, ఇది మీకోసం. మందులు లేవని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర ఉంది. పిండ హిమోగ్లోబిన్‌ను కొంతవరకు పెంచుతుంది, 1995లో వచ్చిన పెద్ద పరీక్షలో నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయి. మన దగ్గర తయారవుతుంది, కోట్లు అక్కర్లేదు. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడాలి, మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించాలి. కడుపు కోసం ప్రయత్నిస్తున్నా, కడుపుతో ఉన్నా డాక్టర్‌కు ముందే చెప్పాలి. రెండోది ఫోలిక్ ఆసిడ్. కణాలు పది, ఇరవై రోజులకే పగిలిపోతుంటే మజ్జ రాత్రింబవళ్లు కొత్తవి చేస్తూ ఉండాలి, దానికి ఇది కావాలి. 1945లో ఈ ఫోలిక్ ఆసిడ్‌ను ల్యాబులో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మీ సంచిలో ఉన్న ఆ మాత్రల వెనక ఒక తెలుగువాడు ఉన్నాడు. మూడోది చిన్నపిల్లలకు పెన్సిలిన్. ఈ జబ్బులో ఇన్ఫెక్షన్లతో పోరాడే ప్లీహం త్వరగా పాడవుతుంది, పిల్లలు మామూలు ఇన్ఫెక్షన్‌కే చనిపోతారు. 1986లో వచ్చిన అధ్యయనంలో రోజూ పెన్సిలిన్ ఇస్తే ఆ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. అందుకే పుట్టగానే తెలుసుకోవాలి, పంతొమ్మిదేళ్లకు కాదు.

2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని లెక్క. మన హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు కాగితం మీద ఎండిన రక్తపు చుక్కతోనే పరీక్ష చేసే పద్ధతి తెచ్చారు, వాగు పొంగిన ఊరి నుంచి ఐస్ పెట్టె లేకుండా శాంపిల్ పంపవచ్చు. మామూలు గొట్టం పరీక్షలో నీళ్లు మసకబారితే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు, కానీ అది వాహకులా, రోగులా అనేది చెప్పదు. దానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చెయ్యాలి. "పాజిటివ్" అని ఒక్క మాట చెప్పి పంపించెయ్యకండి, వాళ్లు టెన్షన్‌తో చచ్చిపోతారు. ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బు ఉంది, సర్టిఫికెట్‌కు అప్లై చెయ్యవచ్చని చెప్పండి.

(సభలోంచి ఒక ఆశా కార్యకర్త: సార్, వాహకురాలు అని కార్డు ఇస్తే ఆ పిల్లకు పెళ్లి ఎట్లయితది? ఊర్ల అందరికీ తెలుస్తది కదా.)

మంచి ప్రశ్న అక్కా, అసలు కష్టం అక్కడే ఉంది. ముందు లెక్క చూద్దాం. వాహకురాలు, ఈ అక్షరం గానీ థలసీమియాలాంటి వేరే హిమోగ్లోబిన్ లోపం గానీ లేని అబ్బాయిని చేసుకుంటే పుట్టే పిల్లలకు ఈ జబ్బు రాదు. ఎవరికైనా తల్లిలాగే వాహకత్వం రావచ్చు, అంతే. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. ఒక బిడ్డకు వచ్చింది కదా, తర్వాతి ముగ్గురికి రాదు అనుకోకూడదు, ప్రతిసారీ అదే లెక్క. ఒకవేళ అలాంటి జంట ఇప్పటికే ఉంటే కడుపుతో ఉన్న తొలి మూడు నెలల్లో చెప్పమనండి, బిడ్డకు ఉందో లేదో చూసే పరీక్షలు ఉన్నాయి, నిర్ణయం వాళ్లది. కాబట్టి అమ్మాయి కార్డు ఒక్కటే చూస్తే ఏం తెలియదు. మనవాళ్లు చేసే తప్పు, అమ్మాయిలకు హాస్టల్‌లో పరీక్ష చేసి కార్డులు ఇస్తారు, అబ్బాయిలు పత్తి చేల పనికో, లారీల మీదకో పోయి ఉంటారు, వాళ్లని అడిగేవాళ్లు ఉండరు. అప్పుడు పేరు పడేది అమ్మాయికే. మీరు లిస్టు రాసేటప్పుడు ముందు అబ్బాయిలతో మొదలుపెట్టండి. కార్డులో ఏముందో ఇంటివాళ్లకు తప్ప గడప అవతల చెప్పకండి.

నా దోస్తు ఇప్పుడు మిరప తోట చేస్తున్నాడు, మాత్ర వేసుకుంటాడు, చలికాలం కంబళి కప్పుకుని పొలానికి పోతాడు. వాడికి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ వాహకులు, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. మొన్న వాడి కొడుకు ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాడు, ఫోన్ చేసి "మామా, ఆరో పూస దగ్గర కోడ్ జీఏజీ నుంచి జీటీజీ అయితది కదా, మళ్లీ జీఏజీ చెయ్యొచ్చా?" అని అడిగాడు. అడిగినదానికి గంటసేపు మాట్లాడుకున్నాం.

ఇంకెవరైనా అడిగేది ఉంటే అడగండి. బయట వరండాలో సిస్టర్లు టేబుల్ వేశారు, వేలి కొన నుంచి ఒక్క చుక్క చాలు. అబ్బాయిల లైన్ ముందు.